రెండు ఊళ్ళు తిరిగి మెంటాడ చేరిన విశ్వవిద్యాలయం

విజయనగరం: పెళ్ళి కుదిరింది. ముహూర్తం పెట్టారు. శుభలేఖలూ పంచారు. తీరా చూస్తే పందిరి ఎక్కడ వేయాలో తేలలేదు. విజయనగరం జిల్లాకు దక్కిన కేంద్రీయ గిరిజన విశ్వవిద్యాలయం కథ చాలాకాలం ఇలాగే నడిచింది.

రాష్ట్రం రెండుగా విడిపోయినప్పుడు చేసిన 2014 పునర్విభజన చట్టంలో పదమూడో షెడ్యూలు ఒకటుంది. ఏ రాష్ట్రానికి ఏ విద్యాసంస్థ ఇవ్వాలో అందులో రాశారు. ఆంధ్రప్రదేశ్‌కు ఒకటి, తెలంగాణకు ఒకటి చొప్పున గిరిజన విశ్వవిద్యాలయాలు అందులోవే. ఈ పనులకు అదే చట్టం పెట్టిన గడువు పదేళ్ళు. రాష్ట్రం విడిపోయిన 2014 జూన్ 2 నుంచి లెక్కిస్తే ఆ గడువు 2024 జూన్ 2తో తీరిపోయింది.

మొదట అనుకున్న చోటు కొత్తవలస మండలంలోని రెల్లి. 2018 నవంబరులో కేంద్ర మంత్రివర్గం ఆమోదించినప్పుడు ఆ ఊరి పేరు చెప్పి, తొలి దశకు రూ.420 కోట్లు కేటాయించింది. అయిదు వందల ఎకరాలకు పైగా స్థలం అక్కడ చూశారు. 2019లో పార్లమెంటు కేంద్రీయ విశ్వవిద్యాలయాల చట్టాన్ని సవరించింది. అనంతపురానికి మామూలు కేంద్రీయ విశ్వవిద్యాలయం, విజయనగరానికి గిరిజన విశ్వవిద్యాలయం ఆ ఒక్క సవరణతోనే పుట్టాయి. రెండూ 2019 ఆగస్టు 5న ఉనికిలోకి వచ్చాయి.

చట్టం వచ్చింది. తరగతులూ మొదలయ్యాయి. స్థలం మాత్రం మళ్ళీ మొదటికొచ్చింది.

రెల్లి ఎందుకు కాదన్నారు?

2019లో రాష్ట్రంలో ప్రభుత్వం మారింది. గిరిజనుల పేరుతో పెట్టే విశ్వవిద్యాలయం గిరిజనుల దగ్గరే ఉండాలి గానీ విశాఖపట్నం పొలిమేరల్లో ఎందుకన్న వాదన వచ్చింది. సాలూరు వైపు స్థలాలు వెతికారు. చివరకు మెంటాడ మండలం చినమేడపల్లి, దత్తిరాజేరు మండలం మర్రివలస ఊళ్ళ దగ్గర 561.88 ఎకరాలు ఖాయం చేశారు. 2023 ఆగస్టు 25న కేంద్ర విద్యాశాఖ మంత్రి ధర్మేంద్ర ప్రధాన్, నాటి ముఖ్యమంత్రి వై.ఎస్.జగన్మోహన్ రెడ్డి అక్కడ శంకుస్థాపన చేశారు. ఆనాటి అంచనా రూ.834 కోట్లు. 2018 నాటి రూ.420 కోట్లు తొలి దశ లెక్క కాబట్టి రెంటినీ పక్కపక్కన పెట్టి పోల్చడం సరికాదు. అయినా అయిదేళ్ళలో సిమెంటు ధర, ఇనుము ధర, కూలి ధర ఎక్కడివక్కడ ఆగలేదన్న సంగతి ఇల్లు కట్టిన ప్రతి రైతుకూ తెలుసు.

రెండు వాదనల్లోనూ పస ఉంది. రెల్లికి కొత్తవలస జంక్షన్ దగ్గర. విశాఖ నుంచి రోజూ వచ్చిపోవచ్చు. బయటి రాష్ట్రాల అధ్యాపకులు కుటుంబాలతో వచ్చి ఉండాలంటే ఇలాంటి చోటునే ఇష్టపడతారు. మెంటాడ నుంచైతే కొండలు కనిపిస్తాయి. చంపావతి మీద కట్టిన ఆండ్ర జలాశయం ఆ మండలంలోనిదే. సాలూరు, పాచిపెంట వైపు నుంచి వచ్చే జాతాపు, కొండదొర, గదబ పిల్లలకు దారి కలిసివస్తుంది. ఏది మేలన్న తర్కం తప్పుకాదు. ఆ తర్కం చట్టానికి ముందే తేలి ఉండాల్సింది. చట్టం వచ్చిన 2019కీ, శంకుస్థాపన జరిగిన 2023కీ మధ్య నాలుగేళ్ళు కరిగిపోయాయి.

ఇందులో ఇంకో తమాషా ఉంది. 2022 ఏప్రిల్ 4న జిల్లాలు విడగొట్టినప్పుడు సాలూరు, పార్వతీపురం, కురుపాం వంటి గిరిజన ప్రాంతాలు పార్వతీపురం మన్యం జిల్లాకు పోయాయి. మెంటాడ మండలం మాత్రం శాసనసభ ఎన్నికలకు సాలూరు నియోజకవర్గంలో ఉంటూనే విజయనగరం జిల్లాలో నిలిచింది. గిరిజనులు ఎక్కువగా ఉన్న మండలాలు ఒక జిల్లాలో, వారి పేరున్న విశ్వవిద్యాలయం పక్క జిల్లాలో అన్నట్టయింది. కొండ దిగి వచ్చే పిల్లవాడికి జిల్లా సరిహద్దుతో పని లేదనుకోండి.

తెలంగాణలో తంతు తిరగబడింది. ములుగులో పెట్టాల్సిన సంస్థకు స్థలం చూపించామని రాష్ట్రమూ, స్థలం విషయంలో రాష్ట్రమే ఆలస్యం చేసిందని కేంద్రమూ ఏళ్ళ తరబడి వాదించుకున్నాయి. చట్టం 2023 డిసెంబరులో గానీ పార్లమెంటు గడప దాటలేదు. రూ.889.07 కోట్లతో సమ్మక్క సారక్క కేంద్రీయ గిరిజన విశ్వవిద్యాలయం అన్న పేరు పెట్టారు. ఇక్కడ చట్టం ముందొచ్చి స్థలం కోసం నిలబడితే, అక్కడ చట్టమే తొమ్మిదేళ్ళకు గానీ రాలేదు.

ఎరవు ఇంట్లో కాపురం

స్థలం తేలనంతకాలం చదువు ఆగలేదు. విజయనగరం పక్కన కొండకరకాంలో ఆంధ్ర విశ్వవిద్యాలయానికి చెందిన పాత పి.జి. ప్రాంగణం ఉంది. 2019-20లో అక్కడే తరగతులు మొదలుపెట్టారు. చేయి పట్టుకుని నడిపించే బాధ్యత ఆంధ్ర విశ్వవిద్యాలయానిదే. సొంత వైస్ ఛాన్సలర్ మరుసటి ఏడాదికి గానీ రాలేదు. 2020లో ప్రొఫెసర్ టి.వి.కట్టిమణి తొలి వైస్ ఛాన్సలర్‌గా బాధ్యతలు తీసుకున్నారు. అంతకుముందు ఆయన మధ్యప్రదేశ్‌లోని అమరకంటక్‌లో ఉన్న ఇందిరాగాంధీ జాతీయ గిరిజన విశ్వవిద్యాలయానికి వైస్ ఛాన్సలర్.

పరాయి ఇంట్లో కాపురానికి కొన్ని ఇబ్బందులు తప్పవు. కొత్త కోర్సు పెట్టాలంటే గది కావాలి. రసాయనశాస్త్రం చెప్పాలంటే ప్రయోగశాల కావాలి, అందులో నీళ్ళు, గాలి, మంటలార్పే ఏర్పాటు కావాలి. దూరాభారం నుంచి వచ్చే ఆడపిల్లలకు వసతి గృహం కావాలి. భవనం మనది కానప్పుడు గోడ కొట్టి గది కలపాలన్నా వెనకాముందూ ఆలోచించాలి. ఎలాగూ వదిలిపోయే ఇల్లే కదా అని పెద్ద ఖర్చు పెట్టడానికి చెయ్యి రాదు. అటు కొత్త ఇల్లు కాదు, ఇటు పాత ఇల్లు బాగుపడదు.

2019లో చేరిన పి.జి. విద్యార్థులు రెండేళ్ళ చదువు ముగించుకునే నాటికీ, డిగ్రీ విద్యార్థులు మూడేళ్ళ చదువు ముగించుకునే నాటికీ చినమేడపల్లి దగ్గర శంకుస్థాపన రాయి కూడా లేదు. తమ విశ్వవిద్యాలయం ఎలా ఉంటుందో చూడకుండానే ఆ తొలి జట్టు పట్టాలు పుచ్చుకోవాల్సి వచ్చింది.

పెత్తనం ఎవరిది?

పంచాయతీకి సర్పంచి, వార్డు సభ్యులు ఉన్నట్టే విశ్వవిద్యాలయానికీ ఒక కట్టుబాటు ఉంది. అన్నిటికన్నా పైన విజిటర్ ఉంటారు. పేరు విని చూసిపోవడానికి వచ్చే అతిథి అనుకోవద్దు. కేంద్రీయ విశ్వవిద్యాలయాలకు విజిటర్ సాక్షాత్తూ రాష్ట్రపతి. వైస్ ఛాన్సలర్‌ను నియమించేది ఆయా పదవిలో ఉన్న రాష్ట్రపతే. పదవీకాలం అయిదేళ్ళు. రోజువారీ పెత్తనం వైస్ ఛాన్సలర్‌ది. దస్త్రాలు రిజిస్ట్రార్‌వి. జమాఖర్చులు ఫైనాన్స్ ఆఫీసర్‌వి. పెద్ద నిర్ణయాలకు కార్యనిర్వాహక మండలి, చదువుల సంగతికి విద్యా మండలి, డబ్బు సంగతికి ఆర్థిక సంఘం ఉంటాయి.

వీటిలో ఏ ఒక్కటి కదలకపోయినా పని ఆగుతుంది. కొత్త భవనమైతే ముందు సమగ్ర అంచనా తయారుకావాలి, తర్వాత ఆర్థిక సంఘం చూడాలి, ఆ పైన ఢిల్లీ ఒప్పుకోవాలి. కొత్త అధ్యాపకుడు కావాలంటే పోస్టు మంజూరు కావాలి, ప్రకటన వేయాలి, ఎంపిక జరగాలి. పోస్టు లేనిచోట అతిథి అధ్యాపకులతో నెట్టుకురావాలి. శంకుస్థాపన రాయికి కొబ్బరికాయ ఒక్క పూటలో కొడతారు. ఈ కాగితాల బండికి మాత్రం ఏళ్ళు పడుతుంది. ప్రజలు రాయి గురించి అడిగినంతగా పోస్టుల గురించి అడగరు. నిజానికి పిల్లలకు పాఠం చెప్పేది భవనం కాదు గదా.

ఇక రాష్ట్రం వంతు ఏమిటి? భూమి ఇవ్వడం, రోడ్డు, నీరు, కరెంటు అక్కడిదాకా తీసుకురావడం. జీతాలూ, కట్టడాల ఖర్చూ కేంద్రానివి. కాబట్టి తరగతి గదుల గురించి అడగాలంటే ఢిల్లీని అడగాలి. గజపతినగరం నుంచి బస్సు సంగతి అడగాలంటే రాష్ట్ర ప్రభుత్వాన్ని అడగాలి. ఈ తేడా తెలియక అర్జీలు తప్పు గుమ్మం దగ్గర పడిపోతుంటాయి.

పేరు గిరిజనులది, సీట్లు అందరివి

ఊళ్ళలో చాలామందికి ఒక భ్రమ ఉంది. గిరిజన విశ్వవిద్యాలయం కాబట్టి సీట్లన్నీ గిరిజన పిల్లలకేనని. అది నిజం కాదు. కేంద్రీయ విశ్వవిద్యాలయాల చట్టం ప్రకారం ఏ కులంవారికైనా, ఏ రాష్ట్రంవారికైనా తలుపు తెరిచే ఉంటుంది. కేంద్ర విద్యాసంస్థల ప్రవేశాలపై 2006లో చేసిన చట్టంలో షెడ్యూల్డు తెగలకు పెట్టిన వాటా నూటికి ఏడున్నర. షెడ్యూల్డు కులాలకు 15, వెనుకబడిన తరగతులకు 27. గిరిజనుల కోసమని ప్రత్యేకంగా కొండల దగ్గరికి తెచ్చిన సంస్థలో ఈ ఏడున్నర లెక్క చాలుతుందా అన్నది అడగాల్సిన ప్రశ్నే.

ఇంకో మాట. రాష్ట్ర విశ్వవిద్యాలయాల్లో ఉండే స్థానిక కోటా కేంద్ర సంస్థలకు వర్తించదు. భూమి ఉన్న మండలం పిల్లవాడూ, బీహారు పిల్లవాడూ ఒకే వరుసలో నిలబడాలి. ఉద్యోగాలదీ ఇదే దారి. శాశ్వత పోస్టులకు దేశమంతటినుంచీ దరఖాస్తులు వస్తాయి. భూమి ఇచ్చిన ఊరు కనుక ఇంటికో ఉద్యోగం అని ఎవరైనా చెబితే, ఆ మాట ఏ కాగితంలో ఉందో చూపించమని అడగడం మంచిది.

మరి ఊరికి మిగిలేదేమిటి? కాపలా, తోటపని, వంటశాల, శుభ్రత వంటి పనులు గుత్తేదారుల చేతుల్లో ఉంటాయి, వాటిలో చుట్టుపక్కలవాళ్ళకు చోటు దొరుకుతుంది. పాలు, కూరగాయలు అమ్ముడుపోతాయి. అద్దె గదులు లేస్తాయి. విజయనగరం నుంచి గజపతినగరం మీదుగా సాలూరు వెళ్ళే జాతీయ రహదారి ఉంది, గజపతినగరంలో రైల్వే స్టేషనూ ఉంది. అక్కడినుంచి ప్రాంగణందాకా ఉన్న పల్లె దారులే బాగుపడాలి. రాత్రి పొద్దుపోయాక హాస్టలుకు చేరాల్సిన ఆడపిల్లకు బస్సు ఉందా లేదా అన్నది, ప్రాంగణం పటంలో ఎన్ని తోటలు గీశారన్నదానికన్నా ముఖ్యం. నీటి సంగతీ అంతే. కొన్ని వేలమంది ఒక్కచోట చేరితే నీటి వాడకం ఎంత పెరుగుతుందో చెప్పనక్కర్లేదు. ఆ నీరు ఎక్కడినుంచి వస్తుందో, పక్క రైతుల బోర్ల మీద భారం పడుతుందో లేదో ముందే తేల్చుకోవాలి.

భూమి మీద భవనం లేచాక, లోపల ఏం చదువుతారన్న ప్రశ్న మిగులుతుంది. జర్నలిజం, సామాజిక సేవ, బయోటెక్నాలజీ, రసాయనశాస్త్రం, ఇంగ్లీషు వంటివి ఎక్కడైనా దొరికే చదువులే. ఈ కొండల్లో వినిపించే సవర, కువి, గదబ భాషల సంగతి వేరు. వీటి మీద పనిచేయడానికి ఇంతకంటే తగిన చోటు లేదు. గిడుగు వెంకట రామమూర్తి పర్లాకిమిడిలో ఉంటూ, వెనక ఏ విశ్వవిద్యాలయమూ లేకుండా, సవర నేర్చుకుని వ్యాకరణం, నిఘంటువు రాశారు. వందల ఎకరాలూ వందల కోట్లూ ఉన్న సంస్థ మీద ఆ మేరకు ఆశ పెట్టుకోవడం అత్యాశ కాదు.

ఇంటర్ చదివే పిల్లలున్న ఇళ్ళు వెంటనే తెలుసుకోవాల్సింది ఇంకొకటుంది. కేంద్రీయ విశ్వవిద్యాలయాల్లో డిగ్రీ సీట్లకు 2022 నుంచి దేశమంతటా ఒకే ప్రవేశపరీక్ష పెడుతున్నారు. దాని పేరు సి.యు.ఇ.టి. ఇంటర్ ఫలితాలు వచ్చాక మార్కుల జాబితా పట్టుకుని కళాశాలకు వెళ్ళే పాత పద్ధతి ఇక్కడ పనిచేయదు. ఫలితాలు రాకముందే కంప్యూటరులో దరఖాస్తు పెట్టాలి. డిగ్రీ పరీక్షను తెలుగులోనూ రాయవచ్చు. కొండమీది ఆశ్రమ పాఠశాలలకూ, గిరిజన గురుకుల జూనియర్ కళాశాలలకూ ఈ కబురు దరఖాస్తులు మొదలయ్యే ముందే చేరాలి. గడువు దాటాక చేరితే ఆ ఏడాదికి పని అయిపోయినట్టే.