ధర చెవికి వినిపిస్తుందా?

చార్మినార్ పక్కనున్న లాడ్ బజార్‌కు మీరెప్పుడైనా వెళ్ళారా? వెళ్ళకపోయినా ఫరవాలేదు. ఒక్కసారి ఊహించుకోండి. వీధికి రెండు పక్కలా గాజుల దుకాణాలు. దుకాణదారు ఒక డజను గాజులు తీసి చేతిలో ఆడించాడు. గలగలమని చప్పుడు! ఆ చప్పుడును మీరు సెల్‌ఫోనులో రికార్డు చేసి, ఇంటికి వెళ్ళి అమ్మమ్మకు వినిపించారు. "అచ్చం గాజులే!" అంది అమ్మమ్మ.

కాని ఫోనులో దాగి ఉన్నది గాజుల చప్పుడు కాదు. అంకెలు! ఒట్టి అంకెలు!

అదెలా అంటారా? చప్పుడంటే గాలిలో కంపనం. మైకు ఆ కంపనాన్ని హెచ్చుతగ్గులయ్యే విద్యుత్తుగా మారుస్తుంది. ఆ విద్యుత్తు ఏ క్షణంలో ఎంత ఉందో యంత్రం కొలిచి రాసుకుంటుంది. సి.డి.లోని పాటకైతే సెకనుకు 44,100 సార్లు కొలుస్తారు. కొలిచే బద్ద మీద 65,536 మెట్లు ఉంటాయి. పాట వినాలంటే ఈ అంకెలను మళ్ళీ విద్యుత్తుగా మార్చాలి. ఆ పని చేసే పరికరాన్ని డిజిటల్-ఎనలాగ్ కన్వర్టర్ అంటారు. పొట్టిగా డి.ఎ.సి. పాటలు వినిపించే ప్రతి సెల్‌ఫోనులోనూ, నేటి టెలివిజన్‌లోనూ అది ఉంటుంది.

మీకొక సందేహం రావచ్చు. కొలతకూ కొలతకూ మధ్య ఉన్న చప్పుడు ఏమైపోయింది? పోలేదు! అమ్మ వాకిట్లో వేసే చుక్కల ముగ్గును గుర్తు తెచ్చుకోండి. అవే చుక్కల మీద పది రకాల ముగ్గులు వేయవచ్చు. శబ్దం సంగతి అలా కాదు. సెకనుకు ఎన్నిసార్లు కొలిచామో అందులో సగం కన్నా తక్కువ సార్లు కంపించే శబ్దానికి, ఆ చుక్కల గుండా పోయే వంపు గీత ఒక్కటే ఉంటుంది. హారీ నైక్విస్ట్ 1928లో ఈ భావానికి పునాది వేశాడు. క్లాడ్ షానన్ 1949లో దీన్ని గణితంతో నిరూపించి చూపాడు. మన చెవి సెకనుకు సుమారు 20,000 కంపనాల వరకే వినగలదు. 44,100లో సగం 22,050. అంటే మనిషి చెవికి కావలసినదంతా ఆ చుక్కల్లోనే ఉందన్నమాట!

ఇప్పుడు అసలు కథలోకి వద్దాం. మీ అన్నయ్య ఏడాదిపాటు డబ్బు కూడబెట్టాడు. మంచి డి.ఎ.సి. కొనాలని అతని కోరిక. మీరిద్దరూ లాడ్ బజార్ నుంచి నయాపూల్ దాటి, ఎలక్ట్రానిక్ సామాను దొరికే కోఠీ గుజరాతీ గల్లీకి బయలుదేరారు. ఫోనుకు తగిలించే బొటనవేలంత డి.ఎ.సి. కొన్ని వందల రూపాయలకు వస్తుంది. లక్షల రూపాయలు పలికే డి.ఎ.సి.లు కూడా లోకంలో ఉన్నాయి. ఏది కొనాలి?

దారిలో పత్తర్‌గట్టీ ముత్యాల దుకాణాలు కనిపిస్తాయి. అక్కడ గుండ్రదనం, మెరుపు చూసి ముత్యానికి వెల కడతారు. కంటికి కనిపించే గుణాన్ని కంటితోనే పరీక్షిస్తారు. మరి చెవికి సంబంధించిన గుణాన్ని దేనితో పరీక్షించాలి? చెవితోనే కదా! చిక్కంతా ఇక్కడే ఉంది. మనం చెవితో వింటున్నామనుకుంటాం. కాని కళ్ళు ఆ పెట్టె తళతళలనూ, దాని ధర చీటీనీ చూసి మెదడుకు ముందే చెప్పేస్తాయి. పైగా ఒక పరికరం పిసరంత గట్టిగా మోగితే చాలు, అదే బాగుందనిపిస్తుంది.

ఒకప్పుడు ధరకు అర్థం ఉండేది. సోనీ కంపెనీ 1982 అక్టోబరు 1న జపానులో మొదటి సి.డి. ప్లేయర్ అమ్మకానికి పెట్టినప్పుడు దాని వెల 1,68,000 యెన్‌లు. అంత సూక్ష్మంగా అంకెలను మార్చే చిప్పు చేయడం ఆనాడు గగనం. ఇప్పుడు అలాంటి చిప్పులు లక్షల్లో అచ్చుపోసినట్టు తయారవుతున్నాయి. అందుకే చౌక అయ్యాయి.

మరి మనుషులు తేడా పట్టగలరా? అమెరికాలోని బోస్టన్ ప్రాంతానికి చెందిన మేయర్, మొరాన్ అనే ఇద్దరు 2007లో ఒక పరీక్ష ఫలితాలు ప్రకటించారు. సి.డి. కంటే సూక్ష్మంగా రికార్డు చేసిన సంగీతాన్ని ఒకసారి నేరుగా వినిపించారు. మరోసారి సి.డి. స్థాయి మార్పిడి గుండా పంపి వినిపించారు. ఏది ఏదో వినేవారికి తెలియదు. 554 ప్రయత్నాల్లో 276 సార్లు సరైన జవాబు వచ్చింది. సగానికి ఒకటి తక్కువ! బొమ్మా బొరుసూ వేసినా అంతే వస్తుంది. 2016లో జాషువా రీస్ అనే శాస్త్రజ్ఞుడు ఇటువంటి 18 ప్రయోగాలను కలిపి లెక్కగట్టాడు. నూటికి సుమారు 52 సార్లు సరైన జవాబు వచ్చింది. అంటే తేడా బొత్తిగా లేదనలేం. ఉంటే మాత్రం అతి స్వల్పం. ఈ పరీక్షలు ధరలను పోల్చినవి కావు. కాని ఖరీదైన పెట్టెల గురించి గొప్పగా చెప్పేది చాలావరకు ఇలాంటి సూక్ష్మత గురించే.

అలాగని చౌకవన్నీ మంచివి కావు. సరిగా తయారు కాని డి.ఎ.సి.లో బుస్సుమనే రొద, జుమ్మనే మోత వినబడతాయి. కొన్ని పెద్ద హెడ్‌ఫోన్లను మోగించే శక్తి చిన్న పరికరానికి ఉండదు. కొన్నిటికి తీగ త్వరగా ఊడిపోతుంది. ఇవి నిజమైన తేడాలు. హెడ్‌ఫోన్ల మధ్య, స్పీకర్ల మధ్య తేడా ఇంతకన్నా ఎన్నో రెట్లు ఎక్కువ. దాన్ని ఎవరైనా పట్టగలరు.

ఇక పరీక్ష మీరే చేయండి. రెండు డి.ఎ.సి.లు, ఒకే హెడ్‌ఫోను, ఒకే పాట తీసుకోండి. ముందుగా రెండింటి మోత సమానం చేయాలి. ఒకే స్వరం మోగిస్తూ వోల్టుమీటరుతో కొలవండి. దీనికి మీ సైన్సు మాస్టారి సాయం అడగండి. పరికరాలను దుప్పటి చాటున పెట్టండి. చెల్లాయిని దుప్పటి వెనుక కూర్చోబెట్టండి. ఆమె నాణెం ఎగరేసి, బొమ్మ పడితే ఒకటి, బొరుసు పడితే రెండవది తగిలించి కాగితం మీద రాసుకోవాలి. నోరు మెదపకూడదు, మొహం చూపకూడదు. అన్నయ్య విని ఏదో చెప్పాలి. ఇలా పదిసార్లు చేయండి.

అయిదో ఆరో సరిగా చెబితే అది గుడ్డి లెక్కే. పదికి తొమ్మిదో పదో చెబితే? ఊరికే ఊహించి చెప్పే 1,024 విధాల్లో అలా కుదిరేవి 11 మాత్రమే. అప్పుడు అన్నయ్య మాట నమ్మవచ్చు!

చెప్పలేకపోతే అందులో సిగ్గుపడవలసిందేమీ లేదు. "నాకు తేడా తెలియలేదు" అని నిజాయితీగా అనగలగడం కూడా సైన్సే. అన్నయ్య డబ్బు మిగులుతుంది. దాంతో మంచి హెడ్‌ఫోన్లు కొనుక్కోవచ్చు. ఇంకా మిగిలితే, అమ్మమ్మకు లాడ్ బజార్‌లో ఒక డజను గాజులు!