తక్కువ తిరిగిన బక్కీకి ఇంజిన్ పోతే

మీ బక్కీ మీటరు మీద 38,000 కిలోమీటర్లే ఉన్నాయి. కొని నాలుగేళ్లయింది. వారానికి రెండు మూడు సార్లు బయటికి తీస్తారు. ఫీనిక్స్‌లో ఇంటి నుంచి బజారుకి, గుడికి, పండగ రోజుల్లో కుర్చీలూ గిన్నెలూ అరటి గెలలూ మోయడానికి. ఒకరోజు ఎన్‌2 రోడ్డు మీద ఎర్ర దీపం వెలుగుతుంది. ముందు నుంచి టకటకమని చప్పుడు వస్తుంది. బండి ఆగిపోతుంది. మర్నాడు వర్క్‌షాపు నుంచి ఫోన్ వస్తుంది: ‘ఇంజిన్ సీజ్ అయింది.’ సీజ్ అవడం అంటే లోపలి భాగాలు ఒకదానికొకటి పట్టేసి తిరగకపోవడం.

బక్కీ అనేది ఆఫ్రికాన్స్ మాట. దాన్ని కొంచెం సాగదీస్తే తెలుగులో ‘బాకీ’ అవుతుంది. బాకీ అంటే ఇంకా తీర్చని అప్పు. బ్యాంకు వాయిదాలు మిగిలి ఉండగా ఇంజిన్ పోయినవారికి ఆ రెండు మాటలూ ఒకటే. బండి వర్క్‌షాపులో పడుకున్నా వాయిదా ఆగదు. కోపంతో కట్టడం మానేస్తే కొత్త చిక్కు వస్తుంది, మానకండి. కొత్త డీజిల్ ఇంజిన్ ఖరీదు లక్ష రాండ్లు దాటడం మామూలే కాబట్టి, ఆ ఫోన్ వచ్చాక మీరు వేసే ప్రతి అడుగూ డబ్బుతో ముడిపడి ఉంటుంది.

మొదటి అడుగు రోడ్డు మీదే. ఆయిల్ గుర్తు ఎర్రగా వెలిగితే పక్కకి తీసి వెంటనే ఇంజిన్ ఆపండి. ‘ఇంకో రెండు కిలోమీటర్లే కదా, ఇంటికి చేరిపోదాం’ అనుకోవద్దు. ఆయిల్ ఒత్తిడి లేకుండా ఒక్క నిమిషం నడిచినా బేరింగులు పాడవుతాయి. ఆగిన ఇంజిన్‌ని మళ్లీ మళ్లీ స్టార్ట్ చేసి చూడకండి. ఫోన్‌తో మీటరునీ, వెలిగిన దీపాలనీ ఫొటో తీయండి. డిప్‌స్టిక్ తీసి ఆయిల్ ఎంత ఉందో ఫొటో తీయండి. తర్వాత టో చేయించండి. వారంటీ ఇంకా ఉంటే, తెలిసిన మెకానిక్ అన్న ఎంత మంచివాడైనా ఇంజిన్ విప్పనివ్వకండి. ఎవరు విప్పారు, ఏం మార్చారు అనే గొడవ మొదలైతే మీ రుజువు పోతుంది. రుజువు అంటే మీ మాట నిజమని చూపించేది.

‘ఇంత తక్కువ తిరిగిన బండికి ఇట్లా ఎందుకయింది?’ అని అందరూ అడుగుతారు. తక్కువ తిరగడం ఇంజిన్‌కి మేలు అని మనం అనుకుంటాం. ఎప్పుడూ అట్లా ఉండదు. ఇంజిన్ కిలోమీటర్లతో పాటు ఏళ్లతో కూడా ముసలిదవుతుంది. మూడు కిలోమీటర్లు వెళ్లి ఆపేస్తే ఆయిల్ సరిగా వేడెక్కదు. లోపల చేరిన తేమ ఆవిరి కాదు. డీజిల్ బండికి ఇంకో బాధ ఉంది. కొత్త బక్కీల్లో పొగలోని మసిని పట్టే ఫిల్టరు ఉంటుంది. అది నిండినప్పుడు ఇంజిన్ ఎక్కువ డీజిల్ వాడి ఆ మసిని కాల్చుకుంటుంది. ఆ పని సగంలో ఉండగా మీరు ఇంటికి చేరి తాళం తిప్పేస్తే, కాలని డీజిల్‌లో కొంత కిందికి జారి ఇంజిన్ ఆయిల్లో కలుస్తుంది. పదే పదే ఇట్లా జరిగితే ఆయిల్ పలచనవుతుంది. పలచని ఆయిల్ బేరింగులని కాపాడలేదు. అందుకే డిప్‌స్టిక్ మీద ఆయిల్ గీత పైకి పెరిగితే సంతోషపడకండి. అది చెడ్డ కబురు.

సర్వీసు పుస్తకం తెరిచి చూడండి. చాలా కంపెనీలు ‘15,000 కిలోమీటర్లు లేదా 12 నెలలు, ఏది ముందు వస్తే అది’ అని రాస్తాయి. కిలోమీటర్లు నిండలేదు కదా అని రెండేళ్లు ఆగేవారు మనలో చాలామంది ఉన్నారు. కంపెనీ లెక్కలో అది ఆలస్యమే. టైమింగ్ బెల్టుకీ కూలెంటుకీ కూడా ఏళ్ల గడువు ఉంటుంది. 1860లో ట్రూరో ఓడ దిగిన మన పెద్దల్లో చాలామంది తాము చదవలేని ఒప్పందం మీద ఇక్కడికి వచ్చారు. మీకు చదవడం వచ్చు, పుస్తకం బండి డ్రాయర్లోనే ఉంది. ఒక సాయంత్రం కూర్చుని వారంటీ పేజీలు చదవండి.

డీజిల్ కూడా కారణం కావచ్చు. పన్ను లేని దీపం కిరసనాయిలు, అంటే ఇక్కడ మనం పారఫిన్ అనేది, డీజిల్లో కలిపి అమ్మే మోసం దక్షిణాఫ్రికాలో ఉంది. పారఫిన్‌కి జిడ్డు తక్కువ. ఇంజెక్టర్లు త్వరగా అరుగుతాయి. పాడైన ఇంజెక్టరు డీజిల్‌ని సరిగా చల్లకుండా ఒకచోట పోస్తే పిస్టన్ కాలి కరిగిపోతుంది. డీజిల్ పోయించుకున్న రసీదులు దాచుకోవడం పిసినారితనం కాదు. చవకగా దొరికే తెలియని బంకు జోలికి నేనైతే పోను.

తప్పు మీదే అని మాత్రం మీరే ముందు ఒప్పేసుకోకండి. కొత్త ఇంజిన్లు ఫ్యాక్టరీ లోపంతో కూడా పోతాయి. 2024లో టయోటా అమెరికాలో సుమారు లక్ష బళ్లని వెనక్కి పిలిచింది. అందులో ఎక్కువ టండ్రా పికప్పులు. ఇంజిన్ తయారీలో మిగిలిపోయిన లోహపు ముక్కలు బేరింగులని పాడుచేయడం దానికి కారణం. 2025లో జనరల్ మోటార్స్ కూడా 6.2 లీటర్ల వీ8 ఇంజిన్ ఉన్న పికప్పులనీ ఎస్‌యూవీలనీ లక్షల్లో వెనక్కి పిలిచింది. ఆ బళ్ల యజమానులు చేసిన పొరపాటు ఏమీ లేదు. మీ బండి మోడల్ మీద అట్లాంటి పిలుపు ఏదైనా ఉందేమో డీలర్‌ని అడగండి.

ఇప్పుడు వర్క్‌షాపు సంగతి. ఒక సర్వీసు మూడు నెలలు ఆలస్యమైందని చెప్పి ‘వారంటీ చెల్లదు’ అంటారనుకోండి. కౌంటర్ దగ్గర వాదించకండి, ఈమెయిల్ రాయండి. ఏ భాగం ముందు పోయింది? ఎందుకు పోయింది? ఆ ఆలస్యానికీ ఈ నష్టానికీ సంబంధం ఏమిటి? ఈ మూడు ప్రశ్నలకీ రాతలో జవాబు అడగండి. విప్పిన భాగాల ఫొటోలు అడగండి. ఆయిల్ పారేయకుండా కొంచెం సీసాలో తీసి ప్రయోగశాలకి పంపమనండి. అందులో డీజిల్ ఎంత ఉంది, నీళ్లున్నాయా, ఏ లోహం ఉంది అనేది తెలుస్తుంది. సర్వీసు బయటి గ్యారేజీలో చేయించారు కాబట్టి వారంటీ పోయిందంటే, 2021 జులై 1 నుంచి అమల్లో ఉన్న కాంపిటిషన్ కమిషన్ మార్గదర్శకాలని గుర్తు చేయండి. వాటి ప్రకారం వారంటీ కాలంలో కూడా మీకు నచ్చిన గ్యారేజీకి వెళ్లవచ్చు. ఆ గ్యారేజీ పని వల్లే నష్టం జరిగితే ఆ నష్టానికి మాత్రం కంపెనీ పూచీ పడదు. పూచీ పడటం అంటే ‘దీనికి నేను జవాబుదారీ’ అనడం. మూడేళ్లుగా ఆయిలే మార్చలేదంటే మాత్రం మీ వాదన బలహీనమే, ఆశ పెట్టుకోకండి.

డీలర్ దగ్గర కొని ఆరు నెలలు దాటకపోతే మీ చేతిలో చట్టం ఉంది. 2008 నాటి కన్స్యూమర్ ప్రొటెక్షన్ చట్టం, సెక్షన్ 56. లోపమున్న సరుకుని ఆరు నెలల్లోపు తిరిగి ఇవ్వవచ్చు. బాగు చేయించుకోవాలా, మార్పించుకోవాలా, డబ్బు వెనక్కి తీసుకోవాలా అన్నది మీరే ఎంచుకోవచ్చు, డీలర్ కాదు. బాగుచేసిన మూడు నెలల్లో అదే లోపం తిరిగి వచ్చినా, కొత్త లోపం బయటపడినా, బండి మార్చాలి లేదా డబ్బు ఇవ్వాలి. డీలర్ అమ్మిన పాత బండికి కూడా ఇది వర్తిస్తుంది. ‘ఫుట్‌స్టుట్స్’ అని, అంటే ఉన్నది ఉన్నట్టుగా అమ్మాం అని కాగితం మీద రాసుకున్నంత మాత్రాన డీలర్ తప్పించుకోలేడు. పక్కింటి బాబాయి దగ్గర కొన్న బండికి ఈ రక్షణ రాదు, ఎందుకంటే బళ్లు అమ్మడం ఆయన వ్యాపారం కాదు. బక్కీ మీ కంపెనీ పేరు మీద ఉండి, ఆ కంపెనీ ఆస్తి గానీ ఏడాది వ్యాపారం గానీ 20 లక్షల రాండ్లకి చేరితే కూడా ఇది పనికిరాదు.

డీలర్ వినకపోతే తయారీ కంపెనీకి రాయండి. అక్కడా కుదరకపోతే మోటార్ ఇండస్ట్రీ అంబుడ్స్‌మన్‌కి ఫిర్యాదు చేయండి. కొన్నవారికి ఆ సేవ ఉచితం. తేదీలు, రసీదులు, ఫొటోలు వరసగా పెట్టి రెండు పేజీల్లో చెప్పండి. పది పేజీల కోపం ఎవరూ చదవరు.

వారంటీ నిజంగానే అయిపోయిందా? అప్పుడు కూడా ఊరుకోకండి. గుడ్‌విల్ అడగండి. ఖర్చులో కొంత భాగం కంపెనీ దయతో భరించడం అది. ఇవ్వాలనే నియమం లేదు, కానీ కొన్నిసార్లు ఇస్తారు. సర్వీసులన్నీ వేళకి చేయించి ఉంటే, మీటరు మీద ఉన్న ఆ 38,000 అంకె ఇక్కడే మీ తరఫున మాట్లాడుతుంది.

సొంత డబ్బుతో బాగు చేయించాల్సి వస్తే పని మొదలుపెట్టకముందే ఖర్చు అంచనా రాతలో తీసుకోండి. తీసేసిన పాత భాగాలు మీకు చూపించి తిరిగి ఇమ్మనండి. కొత్తగా వేసిన భాగాలకీ పనికీ మూడు నెలల పూచీ చట్టంలోనే ఉంది. ఎక్కడ తిరిగిందో తెలియని పాత ఇంజిన్ చవకగా వస్తుందంటే నాకు భయం. దానికన్నా మీ ఇంజిన్‌నే పూర్తిగా విప్పి బాగుచేయించడం మేలనిపిస్తుంది. ఏది చేసినా, మొదటి ఇంజిన్ ఎందుకు పోయిందో తేలాలి. పాత ఇంజెక్టర్లే కొత్త ఇంజిన్‌కి బిగిస్తే అది కూడా అదే దారిన పోతుంది. వేరే ఇంజిన్ వేయిస్తే దాని నంబరు మారుతుంది. పోలీసు క్లియరెన్స్ తీసుకుని రిజిస్ట్రేషన్ ఆఫీసులో ఆ నంబరు నమోదు చేయించండి, ఇన్సూరెన్స్ వాళ్లకి కూడా తెలియజేయండి. గ్యారేజీ ఇచ్చిన ఇంజిన్ రసీదు అందుకు కావాలి, బండి తెచ్చుకునే రోజే అడిగి తీసుకోండి.