వంటింటి గోడకు పలకరాయి మంచిదేనా?

గిద్దలూరు నుంచి ఒక గృహిణి ఉత్తరం రాశారు. కొత్త ఇల్లు కట్టుకుంటున్నారట. పొయ్యి వెనక గోడకు మార్కాపురం పలకరాయి వేయించాలని ఆమె భర్త పట్టుదల. ఆమె మామగారు ఇరవై ఏళ్లు పలకల కోతపనిలో ఉన్న మనిషి. ఇప్పుడు నాలుగు మెట్లెక్కితే ఆయాసపడుతున్నారు. తన రొమ్మును తినేసిన ఆ రాయిని మళ్లీ ఇంట్లోకి తెస్తారా అని ఆయన అభ్యంతరం. గోడకు ఆ రాయి ఉంటే తనకూ పిల్లలకూ ఆ జబ్బు వస్తుందా, రాకపోతే ఎలాంటి రాయి చూసి కొనాలి అని ఆమె అడుగుతున్నారు.

ముందు భయం తీరుద్దాం. గోడకు అతికిన రాయి ఊపిరితిత్తులను ఏమీ చేయదు. రాయి రాయిగా ఉన్నంతకాలం అందులోని స్ఫటిక సిలికా, అంటే పలుగురాయిలో ఉండే పదార్థం, కదలదు. కోసినప్పుడు, అరగదీసినప్పుడు, రంధ్రం వేసినప్పుడు లేచే దుమ్ములోనే అపాయం. అలాగని మామగారి మాట చాదస్తమని కొట్టిపారేయకండి. ఆయన రాయి గురించి చెబుతున్నా, అసలు చెప్పేది దుమ్ము గురించి. దుమ్ము గురించి ఆయనకు తెలిసినంత మనకు తెలియదు.

మార్కాపురం అనగానే మన తరానికి గుర్తొచ్చేది పలకా బలపమే. చెక్క చట్రంలో బిగించిన ఆ నల్లని పలక మీద ఓనమాలు దిద్దని తెలుగువాడు అరుదు. నల్లమల అంచున కంభం, మార్కాపురం ప్రాంతాల్లో భూగర్భంలో ఉన్న ఈ రాయి పుట్టి నూరు కోట్ల ఏళ్లు దాటింది. నీటి అడుగున పేరుకున్న మెత్తటి బురదమన్ను భూమి లోపలి ఒత్తిడికీ వేడికీ గట్టిపడి, పుస్తకంలో కాగితాల్లా పొరలు పొరలుగా విడివడే గుణం తెచ్చుకుంది. ఉలి పెట్టి తట్టితే బల్లపరుపుగా ఊడివస్తుంది. బడిపలకకు పనికొచ్చిన ఆ గుణమే గచ్చుకూ గోడకూ కూడా పనికొచ్చింది. బడిపిల్లల చేతికి కాగితం పుస్తకాలు వచ్చాక ఈ రాయి ఇళ్ల గోడలెక్కింది.

బలపం మాట వచ్చింది కనుక ఒక ముక్క. ఇంట్లో గర్భిణి గానీ, ఎదిగే ఆడపిల్ల గానీ బలపాలు, సుద్దముక్కలు, మట్టి చాటుగా తింటుంటే తిట్టకండి. చాలాసార్లు అది రక్తహీనతకు గుర్తు. డాక్టరుకు చూపించి రక్తపరీక్ష చేయించండి. ఇనుము తగ్గి ఉంటే మాత్రలు వాడాక చాలామందిలో ఆ కోరిక దానంతట అదే పోతుంది.

ఇక రాయి ఎంపిక. పొయ్యి వెనక గోడ మిగతా గోడల్లాంటిది కాదు. తిరగమోత పెట్టినప్పుడల్లా నూనె చిందుతుంది. పసుపు, కారం, చింతపండు పులుసు ఎగిరి పడతాయి. ఆవిరి తగులుతుంది. వీటన్నిటినీ తట్టుకుని, గుడ్డతో తుడిస్తే శుభ్రపడేదే మంచి రాయి. అందం ఆ తరవాత సంగతి.

రెండు నిమిషాల పరీక్ష చెబుతాను. దుకాణంలో నమూనా ముక్క అడిగి తెచ్చుకోండి. దాని మీద ఒకచోట నిమ్మరసం చుక్క, ఒకచోట నీటిచుక్క, ఒకచోట వంటనూనె చుక్క వేసి పావుగంట వదిలేయండి. నిమ్మరసం బుడగలు కట్టినా, తుడిచాక అక్కడ మెరుపు పోయి మచ్చ కనిపించినా ఆ రాయిలో సున్నపు పాలు ఉన్నట్టు. పాలరాయి సంగతి ఇదే. గుంటూరు నుంచి మార్కాపురం, గిద్దలూరు మీదుగా వెళ్లే రైలు దారిలోనే ఇంకా ముందుకు పోతే వచ్చే బేతంచర్ల బండలూ అంతే. కడప బండలూ సున్నపురాయి జాతివే. పులుపు తగిలే చోటికి అవి అంతగా నప్పవు. మంచి పలకరాయికి పులుపు అంటదు. అయితే కొన్ని పలకరాళ్లలోనూ సున్నం కలిసి ఉంటుంది కనుక పేరు చూసి నమ్మక చుక్క వేసి చూడటమే మేలు. నీటిచుక్క, నూనెచుక్క ఇంకిపోయి ముదురు మచ్చ మిగిలితే ఆ రాయి పీల్చుకునే రకం.

ముక్కను వేలితో పట్టుకుని మరో చేతి కణుపుతో తట్టండి. ఖణేలుమంటే గట్టిది. బోలుగా, బద్దగా మోగితే లోపల పొరలు విడిపోయి ఉన్నాయి. కొన్నాళ్లకు పెచ్చులు లేస్తుంది. ఆ పెచ్చు ఉడుకుతున్న పప్పులో పడితే పంటికింద రాయే. రాతిలో బంగారంలా తళుక్కుమనే చుక్కలు కనిపిస్తే మురిసిపోకండి. అవి ఇనుము, గంధకం కలిసిన ఖనిజం కావచ్చు. తడి తగిలే చోట తుప్పుపట్టి గోధుమరంగు చారలు కారతాయి.

పలకరాయి రెండు రకాలుగా దొరుకుతుంది. విడదీసినప్పటి గరుకుతనం అలాగే ఉంచినది ఒకటి, నునుపు చేసినది ఇంకొకటి. గరుకుది చూడటానికి బాగుంటుంది. వరండా గోడకు, పెరటి గచ్చుకు నిక్షేపంలా వేసుకోండి. పొయ్యి వెనక మాత్రం వద్దు. ఆ గతుకుల్లో నూనె జిడ్డు చేరి, దాని మీద దుమ్ము పట్టి, బొద్దింకలకు నిత్యాన్నదానం జరుగుతుంది. నునుపు చేసిన రాయే తీసుకోండి. చిన్నచిన్న బిళ్లల కన్నా పెద్ద బండ మేలు. అతుకులు ఎంత తక్కువైతే జిడ్డుకూ బూజుకూ అంత తక్కువ చోటు. గోడకూ వంటగట్టుకూ మధ్య మూలలో సందు లేకుండా పూడ్పించడం మరిచిపోకండి. చీమలూ బొద్దింకలూ ముందు కనిపెట్టేది ఆ సందునే.

ఇంకొక రాయి ఉంది. చీమకుర్తి నల్లరాయి. వెండి, బంగారు చుక్కలతో మెరిసే దీన్ని గ్రానైటు పేరుతో ప్రపంచమంతా కొంటున్నా భూగర్భ శాస్త్రజ్ఞులు దాన్ని వేరే జాతి రాయిగా లెక్కిస్తారు. దానిలో పలుగు పాలు చాలా తక్కువ. పీల్చుకోదు, పులుపుకు చెక్కుచెదరదు. వంటగట్టుకు నేను దానికే ఓటు వేస్తాను. గోడకు మాత్రం పలకరాయి చాలు. బరువూ తక్కువ.

బజారులో ఇప్పుడు క్వార్ట్జ్ బండలని మరో రకం అమ్ముతున్నారు. ఇది గని రాయి కాదు. పలుగుపొడిని జిగురుతో ముద్దచేసి అచ్చుపోసినది. చాలా రకాల్లో తొంభై శాతం దాకా సిలికాయే. ఇంట్లో వాడేవారికి దానితో చిక్కు లేదు, కోసేవారికే. ఆ బండలు కోసిన కుర్రవాళ్లు కొద్ది ఏళ్లకే జబ్బు పడుతున్నారని ఆస్ట్రేలియా ప్రభుత్వం 2024 జూలై 1 నుంచి వాటి తయారీని, వాడకాన్ని నిషేధించింది. తమ వంటిల్లు మెరవడం కోసం మరొకరి ఊపిరితిత్తులు రాయి కానక్కరలేదని ఆ దేశం తేల్చుకుంది.

ఆ జబ్బు పేరు సిలికోసిస్. కంటికి కనిపించే దుమ్ము ముక్కులోనో గొంతులోనో ఆగిపోతుంది. వెంట్రుక మందంలో పదో వంతుకన్నా చిన్న రేణువులు ఊపిరితిత్తుల చివరి గదుల దాకా వెళతాయి. వాటిని మింగి పారేయడానికి వచ్చిన కణాలు ఆ పని చేయలేక చచ్చిపోతాయి. రేణువు మాత్రం అలాగే ఉంటుంది. మరో కణం వస్తుంది, అదీ చస్తుంది. ఈ పోరులో ఊపిరితిత్తుల్లో గట్టి మచ్చలు ఏర్పడి, మెత్తగా సాగవలసిన చోటు తోలులా బిగుసుకుంటుంది. చాలామందికి పది, ఇరవై ఏళ్ల దాకా ఏమీ తెలియదు. పని మానేసిన తరవాత కూడా జబ్బు పెరగవచ్చు. పోయిన ఊపిరితిత్తిని తిరిగి తెచ్చే మందు ఇంతవరకు లేదు. మధ్యప్రదేశ్‌లోని మంద్‌సౌర్‌లో బలపాల కోతపనివారిని అహ్మదాబాదు వృత్తి ఆరోగ్య సంస్థ డాక్టర్లు పరీక్షించి 1985లో ప్రకటించిన ఫలితాల్లో, సగానికి పైగా మందిలో ఎక్స్‌రేలో ఈ మచ్చలు కనిపించాయి. 1948 నాటి ఫ్యాక్టరీల చట్టమే దీన్ని ప్రభుత్వానికి తెలపవలసిన వృత్తి వ్యాధుల్లో చేర్చింది. చిన్న షెడ్డులో రోజుకూలికి కోసేవారి పేరు ఏ రిజిస్టరులో ఉంటుంది కనుక!

ఇది మీ ఇంటి గోడకు ఎలా సంబంధం అంటారా? మేస్త్రి మీ వరండాలో కూర్చుని కటింగ్ మిషనుతో పొడిగా బండ కోస్తాడు. తెల్లటి మేఘం లేస్తుంది. ఆ ఒక్క పూట దుమ్ముతో మీకు సిలికోసిస్ రాదు, దగ్గూ కంటిమంటా రావచ్చు. మీ ఇంట్లో ఆయన పని ఒక్క పూటే, కానీ ఆయనకు ఇలాంటి ఇళ్లు ఏటా ఎన్నో. ముఖానికి చుట్టుకున్న తువ్వాలు ఆ సన్నని రేణువులను ఆపలేదు.

కనుక ముందే కొలతలు తీయించండి. స్విచ్చి బోర్డు, గ్యాసు గొట్టం వచ్చే రంధ్రాల కొలతలతో సహా కాగితం మీద గీయించి, నీళ్లు పడుతూ ఉండగా కోసే మిషను ఉన్న చోటే మొత్తం కోయించి తెప్పించుకోండి. తడిస్తే దుమ్ము చాలావరకు లేవదు. ఇంటి దగ్గర చిన్న సవరణ తప్పకపోతే ఆరుబయట, నీటి ఏర్పాటు ఉన్న మిషనుతోనే చేయించండి. మామూలు కరెంటు మిషను మీద చెంబుతో నీళ్లు పోయడం షాకుకు పిలుపు. మేస్త్రికి ఎన్-95 రకం మాస్కు మీరే కొనివ్వండి. బండల ఖర్చు ముందు అదెంత? పని అయ్యాక పొడి చీపురుతో ఊడవవద్దు. తడిగుడ్డతో తుడవండి.

బండ అతికించాక జిడ్డు ఇంకకుండా పూత పూస్తారు. కిటికీలు తెరిచి, పొయ్యి వెలిగించకుండా పూయించాలి. ఆ పూతల్లో కొన్నింటికి మంట అంటుకుంటుంది. కొందరు అవిసె నూనె రాస్తారు. అది రాసిన గుడ్డలను ముద్దచేసి మూల పడేస్తే వాటంతట అవే వేడెక్కి అంటుకోవచ్చు. నీళ్లలో తడిపి, ఆరుబయట పరిచి ఆరనివ్వండి.

మీ ప్రాంతపు బోరునీళ్లలో లవణాలు ఎక్కువ కనుక తెల్లటి పొరలు కడతాయి. వాటిని పోగొట్టడానికి మరుగుదొడ్లు కడిగే యాసిడ్ తెచ్చి పోయకండి. యాసిడ్ పోసిన చోట బ్లీచింగ్ పౌడరు చల్లితే వెలువడే క్లోరిన్ వాయువు తలుపులు మూసిన వంటింట్లో ప్రాణం మీదకు తెస్తుంది. రోజూ వంట అవగానే గోరువెచ్చని సబ్బునీళ్ల గుడ్డతో తుడిచి, పొడిగుడ్డతో ఒత్తితే పొర కట్టే అవకాశమే ఉండదు. ఇంకొక సంగతి. వంటింట్లో ఊపిరితిత్తులకు నిజంగా హాని చేసేది రాయి కాదు, పొగ. బండకు పెట్టే ఖర్చులో కొంత మిగిల్చి పొయ్యి పైన పొగ బయటికి పోయే ఫ్యాను పెట్టించండి.

మామగారి విషయం. ఇన్నేళ్లూ ఏ పని చేశారో డాక్టరుకు ఆయన చెప్పారా? చాలామంది చెప్పరు, డాక్టరూ అడగరు. సిలికోసిస్ మచ్చలను క్షయ అనుకుని మందులిచ్చిన సందర్భాలు ఎన్నో. మరోవైపు సిలికోసిస్ ఉన్నవారికి నిజంగానే క్షయ సులువుగా సోకుతుంది. రొమ్ము ఎక్స్‌రే, ఊపిరి పరీక్ష, కఫం పరీక్ష మూడూ చేయించండి. కఫం పరీక్ష, క్షయ మందులు ప్రభుత్వ ఆసుపత్రిలో ఉచితం. బీడీ అలవాటు ఉంటే వెంటనే మాన్పించాలి. ఆయన ఎన్నేళ్లు, ఎక్కడ, ఏ పని చేశారో ఒక కాగితం మీద రాయించి పెట్టండి. నష్టపరిహారం అడగవలసి వస్తే ఆ కాగితమే మొదటి ఆధారం.

బండలు బిగించే రోజున మాత్రం ఆయనను, చిన్నపిల్లలను బంధువుల ఇంటికి పంపండి. నేల తడిగుడ్డతో రెండుసార్లు తుడిచాకే తిరిగి తీసుకురండి.