మందు డబ్బా కంటే ముందు టీకా

నేను కోళ్ల డాక్టర్నని తెలిస్తే చాలు, పెళ్లి పందిట్లోనైనా రైలు పెట్టెలోనైనా ఎవరో ఒకరు అడుగుతారు: "బ్రాయిలర్ కోడికి హార్మోను సూదులు పొడిచి పెంచుతారట కదమ్మా, నిజమేనా?" నిజం కాదు. షెడ్డులో ఐదు వేల కోళ్లుంటే ఐదు వేలకూ పట్టుకుని సూదులు వేసే మనుషులెక్కడున్నారు? నలభై గ్రాముల పిల్ల ఆరు వారాల్లో రెండు కిలోలు దాటుతోందంటే దశాబ్దాల తరబడి త్వరగా పెరిగే జాతిని ఏరుకుంటూ రావడం వల్ల, మంచి దాణా వల్ల. అసలు అడగవలసిన ప్రశ్న వేరే ఉంది. ఆ ఆరు వారాల్లో ఆ కోడి చేత ఎన్ని యాంటీబయాటిక్‌లు తాగించారు? అవి తాగించే అవసరం రాకుండా చూసే దారి ఉందా?

దారి ఉంది. బ్యాక్టీరియా జబ్బులకు కూడా టీకాలున్నాయి. మన రైతులకు లసోటా, గంబోరో బాగా తెలుసు. మొదటి వారంలో ఒకటి, రెండో వారంలో ఒకటి వేస్తారు. ఆ రెండూ వైరస్ జబ్బులకు. బ్యాక్టీరియా అనేసరికి అందరి చెయ్యీ మందు డబ్బా మీదికే పోతుంది.

చలికాలంలో నాకు తరచూ వచ్చే ఫోన్ ఇలా ఉంటుంది: "మేడం, రాత్రి లైట్లు బంద్ చేసి షెడ్డులో నిలబడితే గురక వినబడుతోంది. పొద్దున పదిహేను పిల్లలు పోయినయి." వెళ్లి చూస్తే పరదాలు కిందివరకూ దించి ఉంటాయి. పిల్లలకు చలి తగలకూడదని దించారు, తప్పు పట్టలేం. కానీ లోపల అడుగు పెట్టగానే కళ్లు మండుతాయి. అది తడిసిన ఊకలోంచి లేచే అమ్మోనియా. చచ్చిన పిల్లను బయటికి తెచ్చి, ఛాతీ ఎముక ఎత్తి లోపల చూపిస్తాను. గుండె మీద తెల్లటి మందపాటి పొర, పాల మీద మీగడ కట్టినట్టు. కాలేయం మీదా అదే పొర. గోటితో లాగితే ఊడి వస్తుంది. గాజు కాగితంలా పారదర్శకంగా ఉండాల్సిన గాలి సంచులు పసుప్పచ్చగా, మబ్బుగా ఉంటాయి. ఇది చూశాక రైతుకు వేరే వివరణ అక్కర్లేదు. ఈ.కోలి.

ఈ.కోలి బయటి నుంచి ఊడిపడిన శత్రువు కాదు. ప్రతి కోడి పేగులో ఉంటుంది, రెట్టలో ఉంటుంది, ఆ రెట్ట ఎండి లేచిన దుమ్ములోనూ ఉంటుంది. పీల్చిన దుమ్మును బయటికి నెట్టడానికి శ్వాసనాళంలో సన్నటి నూగు ఉంటుంది. అమ్మోనియా ఆ నూగును దెబ్బ తీస్తుంది. రానిఖెత్ లాంటి వైరస్‌లూ, సీఆర్‌డీ అనే శ్వాస జబ్బు తెచ్చే మైకోప్లాస్మా కూడా దెబ్బ తీస్తాయి. అలా తలుపు తెరుచుకుంటే ఈ.కోలి గాలి సంచుల్లోకి, అక్కడి నుంచి రక్తంలోకి దిగుతుంది. పుట్టినప్పుడు బొడ్డు సరిగా మూసుకోని పిల్లకు బొడ్డు దారినే పట్టేస్తుంది.

ఇలాంటప్పుడు నీళ్లలో మందు కలపడం అలవాటైపోయింది. ఎక్కువగా వాడే ఎన్రోఫ్లోక్సాసిన్ మన ఇళ్లలో వాడే సిప్రోఫ్లోక్సాసిన్‌కు దగ్గరి బంధువు. కోడి శరీరంలో దానిలో కొంత భాగం సిప్రోగానే మారుతుంది. ఒకప్పుడు కొలిస్టిన్ కూడా ధారాళంగా వాడేవారు. అది ఐసీయూలో వేరే ఏ మందూ పనిచేయని రోగికి డాక్టర్లు ఆఖరున ఎక్కించేది. కొలిస్టిన్‌ను తట్టుకునే జన్యువు ఒక బ్యాక్టీరియా నుంచి మరో దానికి దూకుతోందని 2015లో చైనా శాస్త్రవేత్తలు బయటపెట్టారు. పందుల్లో, మాంసంలో, ఆసుపత్రి రోగుల్లో కూడా అది దొరికింది. మన ప్రభుత్వం 2019 జులైలో ఆహారం కోసం పెంచే జంతువులకు కొలిస్టిన్ వాడకుండా నిషేధించింది. మంచి పని చేసింది. కానీ ఒక మందు మూసేస్తే సరిపోదు. రైతు చేతికి ఇంకేదో ఇవ్వాలి.

బ్యాక్టీరియాకు టీకా అనగానే కొత్త సంగతిలా వింటారు. ప్రయోగశాలలో తయారైన తొలి టీకా కోడి కోసమే పుట్టింది, అదీ బ్యాక్టీరియా జబ్బుకు! 1880లో లూయీ పాశ్చర్ కోళ్ల కలరా క్రిమిని బలహీనపరిచి కోళ్లకు ఎక్కించాడు. తర్వాత అసలు క్రిమిని ఎక్కించినా అవి తట్టుకున్నాయి. ఆ క్రిమి పేరులో ఇప్పటికీ పాశ్చర్ ఉన్నాడు: పాశ్చురెల్లా.

మరి ఇన్నేళ్లూ బ్యాక్టీరియా టీకా బ్రాయిలర్ దాకా ఎందుకు రాలేదు? ఈ.కోలిలో వందకు పైగా రకాలున్నాయి. చంపిన క్రిమితో చేసిన టీకా ఏ రకంతో చేశారో ఎక్కువగా దానికే పనిచేస్తుంది. ఒక్కో కోడినీ పట్టి సూది వేయాలి, కొన్ని వారాల తర్వాత మళ్లీ వేయాలి. గుడ్లు పెట్టే తల్లి కోళ్లు ఏడాదికి పైగా బతుకుతాయి కాబట్టి వాటికి ఇది గిట్టుబాటు. తల్లికి వేస్తే పచ్చసొన ద్వారా పిల్లకు కొంత రక్షణ అందుతుంది, అదీ మొదటి రెండు వారాలే. బ్రాయిలర్‌కు రెండో సూది పడి రక్షణ వచ్చేలోపు లారీ వచ్చేస్తుంది.

ఇక్కడే బతికున్న టీకా పనికొచ్చింది. కోళ్లను ఎక్కువగా చంపే ఓ78 అనే రకం తీసుకుని, దాని నుంచి ఏరో-ఏ అనే జన్యువును తొలగించారు. ఆ జన్యువు లేకపోతే బ్యాక్టీరియా తనకు కావలసిన కొన్ని పోషకాలను చేసుకోలేదు. కోడి శరీరంలో అవి దొరకవు. కాబట్టి కొద్దిసార్లు విభజన చెంది చచ్చిపోతుంది. ఈలోగా కోడి దాన్ని గుర్తుపట్టడం నేర్చుకుంటుంది. అమెరికాలో, ఐరోపాలో దీన్ని హేచరీలోనే, పిల్ల పుట్టిన రోజే వేస్తారు. వంద పిల్లలున్న పెట్టెను స్ప్రే కింద నడిపిస్తారు. రంగు కలిపిన పెద్ద పెద్ద చుక్కలు పిల్లల వీపుల మీద పడతాయి. ఆ రంగు చూసి పిల్లలు ఒకదాన్నొకటి పొడుస్తూ చుక్కలు మింగుతాయి. కళ్లలోకి, ముక్కులోకి కూడా పోతాయి. సూది లేదు, పిల్లకు నొప్పి లేదు.

అయితే ఇది బతికున్న బ్యాక్టీరియా అని గుర్తుంచుకోవాలి. రెండు నుంచి ఎనిమిది డిగ్రీల చలిలో ఉండాలి. క్లోరిన్ నీళ్లు తగిలితే చస్తుంది. యాంటీబయాటిక్ తగిలినా చస్తుంది. మన దగ్గర పిల్లలు దిగిన రోజు నుంచి మూడు రోజులు 'ముందు జాగ్రత్త' అని యాంటీబయాటిక్ పెట్టే ఆచారం ఉంది. పొద్దున టీకా వేసి సాయంత్రం మందు తాగిస్తే టీకా డబ్బు నేల పాలే. నా దృష్టిలో, జబ్బు లేని పిల్లకు మందు పోసే ఈ ఆచారం టీకా ఉన్నా లేకున్నా మానాల్సిందే.

టీకా ఒక్కటే అన్నీ చేయదు. ఓ78 కాని రకాల మీద దాని పట్టు పూర్తిగా ఉండదు. జబ్బు పడ్డ కోడిని అది బాగు చేయదు. ఊక తడిగా ఉండి, కళ్లు మండే గాలి ఉన్న షెడ్డులో ఏ టీకా అయినా ఓడిపోతుంది. కానీ బ్యాక్టీరియా టీకాలు వేసినచోట ఏమవుతుందో లోకం చూసింది. బ్రిటన్‌లో 1998 నుంచి గుడ్ల కోళ్లకు సాల్మొనెల్లా టీకా విస్తృతంగా మొదలయ్యాక మనుషుల్లో గుడ్ల వల్ల వచ్చే సాల్మొనెల్లా జబ్బు బాగా తగ్గింది. నార్వేలో సాల్మన్ చేపల పెంపకానికి 1987లో దాదాపు 50 టన్నుల యాంటీబయాటిక్ వాడారు. చేపలకు బ్యాక్టీరియా టీకాలు వచ్చాక, పెంపకం ఎన్నో రెట్లు పెరిగినా, వాడకం ఒక టన్నుకు లోపలికి దిగింది.

కొందరు గృహిణులు టీకా వేసిన కోడి తింటే ఏమన్నా అవుతుందా అని భయపడతారు. టీకా వల్ల మాంసంలో మందు అవశేషం మిగలదు, బాగా ఉడికిస్తే టీకాలోని బ్యాక్టీరియా కూడా చస్తుంది. భయపడవలసింది, మందు ఆపాక గడవాల్సిన రోజులు గడవకుండానే లారీ ఎక్కిన కోడిని చూసి.

మా ప్రాంతం షెడ్లలో బ్యాక్టీరియా టీకా ఇంకా అరుదుగానే కనిపిస్తోంది. కాంట్రాక్టు కోళ్ల పెంపకంలో పిల్లనూ దాణానూ మందునూ ఇచ్చేది కంపెనీ కాబట్టి ఈ నిర్ణయం రైతు ఒక్కడి చేతిలో లేదు. రైతన్నలు ఈసారి పిల్లలు దిగే రోజు సూపర్‌వైజర్‌ని రెండు మాటలు అడగండి: హేచరీలో ఏ టీకాలు వేశారు, మొదటి మూడు రోజుల మందు ఎందుకు? జవాబు వచ్చేదాకా ఆ డబ్బా మూత తీయకండి.