పాత యింటి తీగలు – కరెంటు పనివాని యెన్నిక

1967లో నాగార్జునసాగర్ కాలువలకు నీరు వదలిన నాటినుండి వరిచేలును, బియ్యపు మిల్లులును పెరిగి, మేళ్లచెరువు, మఠంపల్లి ప్రాంతముల సున్నపురాతి నాశ్రయించి సిమెంటు కర్మాగారములు వెలసి, హుజూర్‌నగర్ గృహస్థుని జీవనవిధానము గుర్తింపరానంతగా మాఱినను, ఆతని పాతయింటి గోడలవెంట నడచు విద్యుత్తీగ మాత్రము పలుచోట్ల నాటిదే నేటికిని నిలిచియున్నది. సూర్యాపేట పాతవీథులలోను, కోదాడ, మిర్యాలగూడలలోను స్థితి యిదియే. పండుగకు గోడలకు రంగులు వేయింతుము. పగిలిన స్విచ్చిబోర్డును తీసి కొత్తది బిగింపించుదుము. కాని ఆ బోర్డు వెనుకనున్న తీగకు వయస్సెంతయని అడుగు అలవాటు మనకు లేదు.

ఆనాడు ఇల్లు కట్టినవారు రెండు 60 వాట్ల దీపములును, ఒక పంకాయు, ఒక రేడియోయు చాలునని యెంచిరి. మన యిండ్లకు వచ్చు 230 వోల్టుల సరఫరాలో ఇవన్నియు కలిసి ఇంచుమించు ఒక ఆంపియరు ప్రవాహమును మాత్రమే కోరును. నేడు 2000 వాట్ల గీజరొక్కటే సుమారు 9 ఆంపియర్లను, ఒకటిన్నర టన్నుల ఏ.సి. దాదాపు 7 ఆంపియర్లను లాగుచుండగా, ఇస్త్రీపెట్టె, మిక్సీ, ఫ్రిజ్జు, నీళ్ల మోటారు వానికి తోడుపడుచున్నవి. తీగలో పుట్టు వేడిమి ప్రవాహముయొక్క వర్గమునుబట్టి పెరుగునని జేమ్స్ జూల్ అను ఆంగ్ల శాస్త్రజ్ఞుడు 19వ శతాబ్దిలోనే నిరూపించెను. అనగా ప్రవాహము మూడింతలైనచో వేడిమి తొమ్మిదింతలగును. పిల్లకాలువకు మేజరుకాలువ నీరు వదలినచో గట్టు తెగుట యెట్లో, దీపములకై వేసిన సన్నని తీగకు గీజరు తగిలించినచో దానిపై తొడుగు కరగుట అట్లే.

టేకుబద్దీలపై క్లిప్పులతో బిగించిన పాతతీగల రబ్బరు తొడుగు ఏండ్ల వేడికి గట్టిపడి, బీటలువాఱి, చేతితో తాకినంతనే పొడియై రాలును. చౌకయని ఒకకాలమున విరివిగా వేసిన అల్యూమినియము తీగ మఱియొక విధమైన చిక్కు తెచ్చును. ఏలన, ఆ లోహము మెత్తనిది గావున స్క్రూ క్రింద నలిగి కాలక్రమమున వదులగును, పైగా గాలి తగిలినంతనే దానిపై విద్యుత్తును సరిగా సాగనీయని పొర యేర్పడును. వదులైన జాయింటు వేడెక్కును. వేడెక్కినది మఱింత వదులగును. స్విచ్చి ముట్టుకొన్నచో వెచ్చగానుండుట, సాకెట్టు నల్లబడుట, మోటారు వేయగానే దీపములు మసకబాఱుట, కాలిన వాసన అప్పుడప్పుడు వచ్చిపోవుట మొదలగునవి యీ వ్యాధికి లక్షణములు. వీనిలో నొక్కటి కనబడినను ఉపేక్షింపరాదు.

పాతయిండ్లలోని పింగాణి ఫ్యూజులు చెడ్డవి కావు. చెడ్డది మనము వానికి చేయు చికిత్స. ప్రవాహము మితిమీఱినపుడు తాను కరగి ఇంటిని కాపాడుటయే ఫ్యూజుతీగ ధర్మము. మాటిమాటికి అది పోవుచున్నదని విసిగి, వైరునుండి రెండు మూడు దళసరి రాగిపోగులు లాగి చుట్టినచో, ఫ్యూజు నిలుచును, దాని బదులు గోడలోని తీగ కరగును. “ఏం కాదన్నా, డైరెక్టు కొట్టిన, నడుస్తది” అని పనివాడు చెప్పగా మనము సంతోషించు మాటకు అర్థమిదియే. ఫ్యూజునకు బదులు ఎం.సి.బి. పెట్టించుట మేలే, కాని తీగ తాళగల ప్రవాహమునకు మించిన ఎం.సి.బి. పెట్టించుట రాగిపోగు చుట్టుటతో సమానము.

అగ్నికన్న షాకు మన ప్రాంతమున నెక్కువగా ఇంటింటి భయము. వేసవి ముదిరినపుడు ఇనుపరేకు కూలరులో నీరు పోయుచు తడిచేతితో తాకి ప్రాణములు గోల్పోయిన వార్తలును, బట్టలారవేయు ఇనుపతీగ సర్వీసువైరుకు తగిలి కుటుంబములు దుఃఖమున మునిగిన వార్తలును మనము వినుచునే యున్నాము. కూలరు శరీరమునకు పాఱిన విద్యుత్తు నేలలోనికి పోవుటకు ఎర్తుతీగ యున్నచో, ఫ్యూజు పోయియో ఎం.సి.బి. పడిపోయియో మనిషి బ్రతుకును. ఎర్తు లేనిచో ఆ దారి మన దేహమే యగును. రెండు తీగలు మాత్రమే గల పాతయిండ్లలో మూడుకాళ్ల సాకెట్టు బిగించి, మూడవ రంధ్రమున కేమియు కలుపక విడుచుట కంటికి రక్షణగా కనబడు వంచన. ఎర్తు ఉన్నను, రెండున్నర మీటర్ల గొట్టము పాతి బొగ్గును ఉప్పును నింపిన గుంత వేసవిలో ఎండి, నేల తడి కోల్పోయినచో పనిచేయదు. కావున ఎండకాలమున ఆ గుంతలో నీరు పోయుట మఱువరాదు. న్యూట్రలు పోయినదని ఎర్తునే న్యూట్రలుగా వాడుట ఇంకను ఘోరము. అట్టిచో గుంత దగ్గఱ తడినేలపై నడచిన పిల్లవానికిని, గొడ్డుకును ప్రమాదమే.

కాలిఫోర్నియా విశ్వవిద్యాలయాచార్యుడు ఛార్లెస్ డాల్జియెల్ మనుష్యులపై ప్రయోగములు జరిపి, సగటున పురుషుడు 16 మిల్లీఆంపియర్లు, స్త్రీ పదిన్నర మిల్లీఆంపియర్లు దాటినచో పట్టుకొన్న తీగను తనంత విడువజాలరని కనుగొనెను. 1961లో అమెరికాయందు అట్టి ప్రమాదమునుండి రక్షణకై ఒక సాధనమును రూపొందించెను. ఆ జాతికి చెందినదే మన అంగళ్లలో లభించు ఆర్.సి.సి.బి. ఫేజులో వెళ్లిన ప్రవాహమును, న్యూట్రలులో మరలివచ్చిన దానిని సరిపోల్చి, భేదము మితిమీఱినంతనే క్షణములో పదింట మూడు వంతులకు మించకుండ సరఫరాను ఆపివేయును. గృహములకు ఆ భేదము 30 మిల్లీఆంపియర్లను మించరాదని మన నిబంధన. ఎం.సి.బి. తీగను కాపాడును, ఆర్.సి.సి.బి. మనిషిని కాపాడును, ఒకదానిపని రెండవది చేయదు.

ఇక ఈ పని యెవరు చేయవలెను? 1956 నాటి భారత విద్యుత్ నిబంధనలు మొదలుకొని 2023లో కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ వెలువరించిన భద్రతా నిబంధనల వఱకు ఒకేమాట చెప్పుచున్నవి: బల్బు, ఫ్యూజు, స్విచ్చి మార్చుట వంటి చిన్నపనులు మినహా, ఇంటి వైరింగు పని ప్రభుత్వ లైసెన్సు గల కాంట్రాక్టరు, అర్హతాపత్రము గల సూపర్‌వైజరు పర్యవేక్షణలో, పర్మిటు గల వైర్‌మన్ చేత చేయింపవలెను. మన పట్టణములలోనో, పనివారిలో అనేకులు వ్యవసాయ మోటార్లు బాగుచేయు అంగళ్లలోగాని, మేస్త్రీ వెంట సహాయకులుగాగాని నేర్చినవారు. చేతి నేర్పు వారికి కొఱతలేదు. కొఱత మనయందున్నది. మనము “జల్దీ చెయ్యి తమ్మీ” అని తొందరపెట్టి, కూలి బేరమాడి, వైరు నాణ్యమును అంగడివానికి వదలి, పని చూడక పోవుదుము. చూడక కూలి ఇచ్చువానికి చూడదగిన పని ఎట్లు దొరకును?

కావున పనివానిని పిలుచునపుడు కొన్ని మాటలు నెమ్మదిగా, గౌరవముగా అడుగవలెను. “అన్నా, పర్మిటుందా?” అనుటలో తప్పులేదు, సరియైన పనివాడు నొచ్చుకొనక దానిని చూపును. పని మొదలుపెట్టకమునుపు మెయిను బందుచేసి, ఫ్యూజుపెట్టెలోని ఫ్యూజు తన జేబులో వేసికొని, టెస్టరుతో పరీక్షించు వానినే నమ్మవలెను. ఐ.ఎస్.ఐ. గుర్తుగల రాగితీగను, దీపములకు 1.5, సాకెట్టులకు 2.5, గీజరుకును ఏ.సి.కిని 4 చదరపు మిల్లీమీటర్ల వంతున, వేఱువేఱు సర్క్యూట్లుగా వేయుమని కోరవలెను. స్విచ్చి ఫేజుమీదనే యుండవలెను; న్యూట్రలుమీద నున్నచో, స్విచ్చి ఆపినను హోల్డరులో విద్యుత్తు నిలిచియుండును. పని ముగిసిన పిమ్మట మెగ్గరుతో 500 వోల్టుల పరీక్ష జరిపి, తొడుగు నిరోధము ఒక మెగోము కన్న తక్కువ గాదని తేల్చి, ఏ ఎం.సి.బి. ఏ గదికో కాగితముపై వ్రాసి మెయిను బోర్డు లోపల అంటింపవలెను.

మీటరువఱకు బాధ్యత విద్యుత్ పంపిణీ సంస్థది, ఆవల గృహస్థునిది. సర్వీసువైరు తెగినను, స్తంభమునందు నిప్పురవ్వలు కనబడినను, మీరు కఱ్ఱతో తాకక 1912కు ఫోను చేయుడు. ఇంటిలో మాత్రము, ఒక్కమారే ఇల్లంతయు మార్పించు శక్తిలేనివారు మొదట ఆర్.సి.సి.బి.యు, ఎర్తును, పిదప వంటింటి, స్నానపుగది తీగలను, అటుపిమ్మట మిగిలినవానిని క్రమముగా మార్పించుకొనవచ్చును. నెలకొకమారు ఆర్.సి.సి.బి. పరీక్షామీటను నొక్కి చూచుటకు ఖర్చేమియు లేదు. రంగులకును, నగిషీ స్విచ్చులకును వెచ్చించు ధనములో సగము ఈ కనబడని పనికి వెచ్చించినచో, పాతయిల్లు భయములేక నివసింప దగియుండును. ఈ వేసవిలో కూలరు బయటికి తీయకముందే మీ యింటి మెయిను బోర్డును మీరొక్కసారి తెఱచి చూడుడు.