పాపకు షుగర్ వస్తే తప్పెవరిది?

మా పాఠశాలలో ఏడో తరగతి చదివే ఒక అమ్మాయికి టైప్ 1 మధుమేహం అని తేలింది. "ఇంత చిన్న పిల్లకు షుగరేమిటి?" అన్నారు ఇంట్లో పెద్దలు. తర్వాత తల్లి వైపు తిరిగి, "మిఠాయిలు ఎక్కువ పెట్టావా? మీ పుట్టింట్లో ఎవరికైనా ఉందా?" అని అడిగారు. ఆ తల్లి మా దగ్గరికి వచ్చి కన్నీళ్లు పెట్టుకుంది. ఆమెకు మేము చెప్పిన జవాబే ఇది.

ఈ జబ్బు మిఠాయి వల్ల వచ్చేది కాదు. రోగనిరోధక వ్యవస్థ పొరపాటు పడి, క్లోమంలో ఇన్సులిన్ తయారుచేసే బీటా కణాలను శత్రువులనుకుని నాశనం చేయడం వల్ల వస్తుంది.

మన కణాలు తమలోని ప్రోటీన్ ముక్కలను హెచ్.ఎల్.ఎ. అనే అణువులపై పెట్టి చూపిస్తాయి. టి కణాలు తమ ఉపరితలం మీది గ్రాహకాలతో, అంటే రిసెప్టర్లతో, వాటిని తడిమి 'మనదా, పరాయిదా' అని తేల్చుకుంటాయి. హెచ్.ఎల్.ఎ. జన్యువులు 6వ క్రోమోజోమ్‌పై ఉంటాయి. ఇవి మనిషి మనిషికీ మారతాయి. డి.ఆర్.3, డి.ఆర్.4 రకాలు ఉన్నవారికి ఈ జబ్బు వచ్చే అవకాశం ఎక్కువ.

పొరపాటున తిరగబడే టి కణాలను అదుపులో పెట్టేవి కూడా ఉన్నాయి. వాటిని నియంత్రక టి కణాలంటారు. సి.డి.25 అనే గ్రాహకం ఆధారంగా జపాన్ శాస్త్రవేత్త షిమోన్ సకగుచి 1995లో వీటిని గుర్తించారు. ఈ కృషికి 2025లో మేరీ బ్రంకో, ఫ్రెడ్ రామ్స్‌డెల్‌లతో కలిసి నోబెల్ బహుమతి అందుకున్నారు. ఇంటర్‌ల్యూకిన్-2 అనే సంకేతాన్ని సి.డి.25 అందుకుంటేనే ఈ కణాలు బలంగా ఉంటాయి. ఆ గ్రాహకపు జన్యువు 10వ క్రోమోజోమ్‌పై ఉంది. అక్కడి చిన్న చిన్న తేడాలు కొందరిలో ముప్పును పెంచుతాయి, కొందరిలో తగ్గిస్తాయి.

అయితే ముప్పు ఉన్నంత మాత్రాన జబ్బు రావాలని లేదు. ఒకే జన్యువులున్న కవలల్లో ఒకరికి వచ్చి మరొకరికి రాకపోవచ్చు. ఈ జబ్బు వచ్చిన పిల్లల్లో ఎక్కువమంది ఇళ్లలో అంతకుముందు ఎవరికీ ఉండదు. పైగా జన్యువులు సగం తల్లి నుంచి, సగం తండ్రి నుంచి వస్తాయి. వాటిని ఎవరూ ఎంచుకుని ఇవ్వరు. మరి నింద తల్లి ఒక్కదానిపై ఎలా వేస్తాం?

1922 జనవరిలో టొరంటోలో 14 ఏళ్ల బాలుడికి మొదటిసారి ఇన్సులిన్ ఇచ్చారు. అంతకుముందు ఈ పిల్లలు బతికేవారు కాదు. నేటికీ సూది కొన్నాళ్లు ఆగితే ప్రాణాపాయమే. అందుకే ఈ పిల్లలకు చేసే సాయం ఒక నెలతో ముగిసేది కాదు. ఇన్సులిన్, సిరంజిలు, రక్తపరీక్ష స్ట్రిప్పులు ఏడాది పొడవునా కావాలి.

పిల్లలకు అతిదాహం, మాటిమాటికీ మూత్రం, తిన్నా బరువు తగ్గడం కనిపిస్తే ఆ రోజే రక్తపరీక్ష చేయించండి. మా అమ్మాయి ఇప్పుడు పదో తరగతి. మధ్యాహ్న భోజనానికి ముందు తన సూది తానే వేసుకుంటుంది.