కొండ లేని ఊరి నుంచి ఘాట్ రోడ్డుకు: రెండు రోజుల సైకిల్ ప్రయాణం చెప్పిన లెక్కలు



గత నెల రెండో శనివారం, ఆదివారం కలిసి రావడంతో నలుగురు స్నేహితులం సైకిళ్ల మీద అరకు బయల్దేరాం. సోమవారం క్లాసులోకి అడుగు పెట్టగానే ఏడో తరగతి పిల్లలు చుట్టుముట్టారు.

"సార్, అరకు దాకా వెళ్లారా?"

"లేదురా, అనంతగిరి దగ్గర వెనక్కి తిరిగాం."

"అయితే ఫెయిలయ్యారా సార్?"

క్లాసంతా నవ్వింది, నేనూ నవ్వాను. జవాబు మాత్రం వెంటనే తోచలేదు. ఈ నెల పేరెంట్స్ పేజీలో ఆ జవాబు రాస్తున్నాను. దారిలో మాకు అర్థమైన సైన్సు, మా తప్పు, మీ పిల్లల సైకిల్ విషయంలో పనికొచ్చే నాలుగు మాటలు ఇందులో ఉన్నాయి.

మన ఊళ్లో ఎత్తు అంటే ఏమిటి?

పెదపారుపూడిలో పుట్టి పెరిగినవాళ్లకు ఎత్తు అంటే కాలువ మీద వంతెన. చుట్టూ వరి చేలు, చేపల చెరువులు. ఎటు చూసినా చూపు ఆగదు. బెజవాడ బ్యారేజీ నుంచి బందరు తీరం దాకా దాదాపు 70 కిలోమీటర్ల దూరంలో నేల దిగేది ఇరవై మీటర్లకు అటూ ఇటూ మాత్రమే. కాలువ నీళ్లు నెమ్మదిగా, నిండుగా పారడానికి కారణం ఆ చదునే.

అరకు లోయ సముద్ర మట్టానికి 900 మీటర్లకు పైన ఉంది. విశాఖపట్నం నుంచి దారి సుమారు 115 కిలోమీటర్లు. పెందుర్తి, కొత్తవలస మీదుగా శృంగవరపుకోట దాకా దాదాపు చదునే. ఎక్కాల్సిందంతా ఆ తర్వాతే ఉంటుంది. బల్లపరుపు నేల మీద తొక్కిన కాళ్లకు ఇది కొత్త పరీక్ష.

మాకు కొండ లేదు కాబట్టి గాలితో సాధన చేశాం. మధ్యాహ్నం వేళ గుడివాడ నుంచి బందరు వైపు వెళ్తే సముద్రపు గాలి ఎదురొస్తుంది. ఆ గాలికి ఎదురు తొక్కడం ఎత్తు ఎక్కినట్లే ఉంటుంది. ఒక ఆదివారం కొండపల్లి కోట రోడ్డు కూడా ఎక్కి చూశాం. అక్కడే నాకు గేర్ల విలువ తెలిసింది.

గేరు ఏం చేస్తుంది?

మన తాతల నాటి సైకిల్‌కు గేర్లు లేవు. సాధారణంగా ముందు పళ్ల చక్రానికి 44 పళ్లు, వెనక దానికి 18 పళ్లు ఉంటాయి. పెడల్ ఒక్క చుట్టు తిప్పితే సైకిల్ ఐదు మీటర్లకు పైగా ముందుకెళ్తుంది. చదును మీద అది హాయి, ఎత్తు మీద మాత్రం మోకాళ్లు పట్టేస్తాయి.

గేర్ల సైకిల్‌లో ముందు 24 పళ్లు, వెనక 28 పళ్లు ఉన్న జత వేసుకుంటే ఒక్క చుట్టుకు రెండు మీటర్ల లోపే కదులుతాం. వేగం తగ్గుతుంది, కాలి మీద భారం కూడా తగ్గుతుంది. చేయాల్సిన మొత్తం పని మాత్రం తగ్గదు. దాన్ని చిన్న చిన్న ముక్కలు చేసుకుంటున్నాం, అంతే. ఘాట్ రోడ్డు వంపులు తిరగడం వెనక ఉన్న కిటుకూ ఇదే. దూరం పెంచి వాలు తగ్గిస్తారు. అరకు రైలు కూడా నేరుగా ఎక్కదు, కొండను చుట్టుకుంటూ, సొరంగాల్లోంచి దూరుతూ వెళ్తుంది.

మా నలుగురిలో లెక్కల మాస్టారు ఒకడున్నాడు. నేను ఇంగ్లిష్ టీచర్ని కాబట్టి ఈ లెక్కలు వాడి దగ్గర అప్పు తెచ్చుకున్నవే. మనిషి, సైకిల్, సంచీ కలిపి 80 కిలోలు అనుకుందాం. వంద మీటర్లు పోతే ఆరు మీటర్లు లేచే రోడ్డు మీద, ఎవరో దాదాపు ఐదు కిలోల బరువుతో వెనక్కి లాగుతున్నట్లు ఉంటుంది. అలా 900 మీటర్ల ఎత్తు ఎక్కాలి. మనం తిన్న తిండిలో నాలుగో వంతు మాత్రమే పెడల్ మీద పనిగా మారుతుంది, మిగతాది ఒంట్లో వేడిగా పోతుంది. అంటే ఆ ఎత్తు ఎక్కడానికే సుమారు 700 కిలో కేలరీలు కావాలి. మధ్యలో దిగి మళ్లీ ఎక్కేవి, చదును మీద తొక్కేవి దీనికి అదనం.

లెక్క అంతా సరిగ్గానే ఉంది. ఆ లెక్క వేసినవాడే దారిలో కూలబడ్డాడు.

రోడ్డు మీద కాదు, మా తీరులో జరిగిన తప్పు

శుక్రవారం రాత్రి బెజవాడలో రైలెక్కాం. సైకిళ్లను పార్శిల్ ఆఫీసులో బుక్ చేసి అదే రైల్లో వేయించాం. శనివారం తెల్లవారి విశాఖలో దిగి తొక్కడం మొదలుపెట్టాం. శృంగవరపుకోట దాటి ఘాట్ ఎక్కేసరికి ఎండ నడినెత్తికొచ్చింది. ముగ్గురం కాస్త వేగంగా తొక్కుతున్నాం, మా లెక్కల మాస్టారు వెనక పడుతున్నాడు.

ప్రతి రెండు మూడు వంపులకూ ఆగి వాడి కోసం చూశాం. నీళ్లు తాగాం, అరటిపండ్లు తిన్నాం, ఫొటోలు దిగాం. వాడు రాగానే "వచ్చాడ్రా, పదండి" అని బయల్దేరాం. స్నేహితుడి కోసం ఆగుతున్నాం కదా, మేం మంచివాళ్లమే అనుకున్నాం.

ఒక టీ కొట్టు దగ్గర అరగంట దాటినా వాడు రాలేదు. ఫోన్‌కు సిగ్నల్ లేదు. వెనక్కి దిగి చూస్తే కల్వర్టు గోడ మీద కూర్చుని ఉన్నాడు. చేతులు వణుకుతున్నాయి, ఒళ్లంతా చల్లటి చెమట. మాట తడబడుతోంది. పక్కన సీతాఫలాలు అమ్ముకునే ఒకావిడ పండు విప్పి చేతిలో పెట్టి తినిపిస్తోంది. మమ్మల్ని చూసి ఒకే మాట అంది.

"ఏటి బాబూ, నేస్తుణ్ణి ఒగ్గేసి ఎలిపోనారా?"

మా ముగ్గురికీ నోరు పెగల్లేదు.

వాడికి ఏం జరిగిందో సైన్సు చెబుతుంది. తిన్న పిండి పదార్థాన్ని ఒళ్లు కండరాల్లోనూ, కాలేయంలోనూ గ్లైకోజెన్‌గా దాచుకుంటుంది. గట్టిగా శ్రమిస్తే గంటన్నర, రెండు గంటల్లో ఆ నిల్వ చాలావరకు ఖర్చయిపోతుంది. మధ్యమధ్య తినకపోతే రక్తంలో చక్కెర పడిపోయి వణుకు, చెమట, అయోమయం వస్తాయి. చెమటతో పోయిన ఉప్పు ఉత్త నీళ్లతో తిరిగి రాదు.

వాడి సంచీలో అరటిపండ్లు, ఓఆర్‌ఎస్ ప్యాకెట్లు అన్నీ ఉన్నాయి. మరి ఎందుకు తినలేదు? కాస్త తేరుకున్నాక వాడు చెప్పిన జవాబు నేను మరిచిపోలేను.

"తినడానికి ఆగితే ఇంకా వెనకబడతాను కదరా. మీరు నా కోసం ఆగినప్పుడల్లా మీకు విశ్రాంతి దొరికింది. నేను వచ్చేసరికి మీరు బయల్దేరేవాళ్లు. పొద్దున్నుంచీ నాకు ఆగడమే కుదర్లేదు."

ముందున్నవాడికి పదిహేను నిమిషాల విశ్రాంతి దొరుకుతోంది, వెనకున్నవాడికి అసలు దొరకడం లేదు. ఎవరికి ఎక్కువ అవసరమో వాడికే అందడం లేదు. మేం ఎవరం చెడ్డవాళ్లం కాదు, మా పద్ధతి తప్పు.

ఆ రాత్రి టైడాలో ఆగిపోయాం. అన్నం, పప్పు కడుపు నిండా తిని, మర్నాటికి పద్ధతి మార్చాం. నెమ్మదిగా తొక్కేవాడే ముందు, వాడి వేగమే అందరి వేగం. గంటకోసారి అందరం ఒకేసారి ఆగాలి, ఒకేసారి తినాలి. చివరివాడు వచ్చాక పది నిమిషాలు గడిచాకే కదలాలి.

ఆదివారం అనంతగిరి చేరాం. సిల్వర్ ఓక్ చెట్ల నీడలో కాఫీ తోటలు, చెట్లకు అల్లుకున్న మిరియాల తీగలు చూశాం. వేడి కాఫీ తాగాం. అరకు ఇంకా ముందుంది. అక్కడిదాకా వెళ్తే చీకటి పడేలోపు ఘాట్ దిగలేం. మా లెక్కల మాస్టారు "మీరు వెళ్లి రండి, నేనిక్కడే ఉంటాను" అన్నాడు. ఒద్దనుకుని నలుగురం కలిసే వెనక్కి తిరిగాం.

దిగడం తేలిక కాదు

ఎక్కేటప్పుడు పెట్టిన శక్తి దిగేటప్పుడు ఎక్కడికి పోతుంది? కొంత గాలిని తోసుకుంటూ పోవడంలో ఖర్చవుతుంది, మిగతాది బ్రేకుల్లో వేడిగా మారుతుంది. 80 కిలోల బరువు 900 మీటర్లు దిగితే విడుదలయ్యే శక్తితో సుమారు రెండు లీటర్ల నీళ్లు మరిగించవచ్చు. బ్రేకు అదే పనిగా పట్టుకుని దిగితే ఆ వేడి చక్రం రిమ్ముకు ఎక్కి ట్యూబు పేలే ప్రమాదం ఉంది. అందుకే రెండు బ్రేకులూ కలిపి నొక్కుతూ, వదులుతూ రావాలి. వంపు తిరుగుతూ కాకుండా వంపు రాకముందే వేగం తగ్గించాలి. మేం మధ్యలో రెండుసార్లు ఆగి రిమ్ములు చల్లారనిచ్చాం. సాయంత్రానికి శృంగవరపుకోట చేరి, ట్రాలీ ఆటోలో సైకిళ్లు వేసుకుని విశాఖ స్టేషన్‌కు వచ్చాం.

మీ పిల్లల సైకిల్ విషయంలో

పిల్లలను ఘాట్ రోడ్డు ఎక్కించమని చెప్పడం లేదు. మన ఊరి కాలువ గట్టు చాలు. ఈ కొన్ని జాగ్రత్తలు చూడండి.

సీటు ఎత్తు: పెడల్ కిందికి వచ్చినప్పుడు మోకాలు కొద్దిగా మాత్రమే వంగి ఉండాలి. కొత్తగా నేర్చుకునేవారికి రెండు పాదాలూ నేలకు ఆనేలా ఉంచి, అలవాటయ్యాక పెంచండి.

హెల్మెట్: కనుబొమలకు రెండు వేళ్ల పైన కూర్చోవాలి. గడ్డం కింద పట్టీ బిగించకపోతే అది ఉత్త టోపీయే.

బ్రేకులు, గాలి: ప్రతి ఆదివారం ఒకసారి పిల్లల చేతే చూపించండి. ముందు బ్రేకు ఒక్కటే గట్టిగా పట్టకూడదని చెప్పండి.

మన రోడ్లు: ఇది కోతల కాలం. రోడ్ల మీద ధాన్యం ఆరబోస్తారు, గడ్డి ట్రాక్టర్లు తిరుగుతాయి. చేపల లారీల నుంచి కారిన నీళ్లకు రోడ్డు జారుతుంది. ఇలాంటి చోట దిగి నడిపించుకెళ్లడం పిరికితనం కాదని ముందే చెప్పండి. చీకటి పడ్డాక మెయిన్ రోడ్డు వద్దు. వెనక ఎర్ర రిఫ్లెక్టర్ తప్పనిసరి.

నీళ్లు, తిండి: గంటకు మించి తొక్కితే ఒక అరటిపండు, నీళ్లు. ఎండలో చెమట బాగా పట్టి ఓఆర్‌ఎస్ దొరక్కపోతే, లీటరు శుభ్రమైన నీటిలో ఆరు చెంచాల పంచదార, అర చెంచా ఉప్పు కొలిచి కలపండి. ఇక్కడ చెంచా అంటే టీ స్పూను.

గుంపుగా వెళ్తే: అందరికంటే నెమ్మదిగా తొక్కే పిల్లను ముందు పెట్టండి. ఒక పెద్దవారు చివర ఉండండి.

చివరిగా ఒక మాట

కల్వర్టు మీద ఆవిడ అడిగిన ప్రశ్న క్లాసులోకి కూడా నాతో వచ్చింది. యూనిట్ టెస్ట్‌లో మార్కులు తగ్గిన పిల్లలను గేమ్స్ పీరియడ్‌లో కూర్చోబెట్టి నేనూ చాలాసార్లు గ్రామర్ చెప్పాను. బాగా చదివేవాళ్లు గ్రౌండ్‌లో ఆడుకుంటుంటే, వెనకబడినవాళ్లు ఆ గంట కూడా తొక్కుతూనే ఉన్నారు. వాళ్ల మేలు కోరే చేశాను. మేం వంపు దగ్గర ఆగింది కూడా మేలు కోరే.

ఈ నెల నుంచి ఆ పిల్లలకు చెప్పాల్సింది నా క్లాసు సమయంలోనే, పాఠాన్ని చిన్న ముక్కలు చేసి చెబుతున్నాను. గేమ్స్ పీరియడ్ వాళ్లకే వదిలేశాను. మీ ఇంట్లో కూడా మార్కుల కారణంగా సైకిల్‌కు తాళం పడి ఉంటే, ఒక్కసారి ఆలోచించండి. చదువు పెంచాల్సి వస్తే పెంచుదాం. ఆ పిల్లవాడు ఊపిరి పీల్చుకునే గంటను మాత్రం అందులోంచి కోయవద్దు.

ఇక మా ఏడో తరగతి పిల్లాడి ప్రశ్నకు జవాబు. అరకు చూడలేదురా, నిజమే. నలుగురం బయల్దేరాం, నలుగురం ఇంటికొచ్చాం. అరకు ఎక్కడికీ పోదు. ఈసారి మా లెక్కల మాస్టారు ముందు తొక్కుతాడు, మేం వెనక వస్తాం.